అతిథి వస్తున్నారు సరే, అడగాల్సిందేంటి?

ప్రశ్న: మాది విశాఖపట్నం, ఎం.వి.పి. కాలనీ. మిద్దె తోటలు పెంచుకునేవాళ్లం కొందరం కలిసి చిన్న క్లబ్ పెట్టుకున్నాం. నెలకో ఆదివారం సాయంత్రం ఎవరో ఒక నిపుణుణ్ని పిలిచి మాట్లాడిస్తున్నాం. మొదట్లో హాలు నిండేది. ఇప్పుడు పాతికమంది వస్తే గొప్ప. వచ్చినవాళ్లు కూడా ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటున్నారు. ఒక అతిథి రెండు గంటలు ఆపకుండా స్లైడ్లు చూపించారు. ఇంకొకాయన సగం ప్రసంగం అయ్యాక బ్యాగులోంచి సీసాలు తీసి అమ్మకం మొదలుపెట్టారు. మా సభ్యుల్లో రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. మైకు దొరికితే అతిథి కన్నా ఆయనే ఎక్కువ మాట్లాడతారు. కార్యదర్శిగా నాకు ప్రతి నెలా టెన్షనే. మంచి వక్తలు ఎక్కడ దొరుకుతారు? వాళ్లకు డబ్బులివ్వాలా? టీ ముందివ్వాలా, తర్వాతివ్వాలా అన్నదాని మీద కూడా మాలో మాకు గొడవే.
- ఒక కార్యదర్శి

సమాధానం:

కార్యదర్శి గారూ, మీ ఉత్తరం నిండా వక్తలే ఉన్నారు. మీ సభ్యుల కుండీల్లో ఈ నెల ఏం కాస్తోందో, ఏం ఎండుతోందో మాత్రం ఒక్క ముక్క లేదు. మీ సభలు చప్పబడడానికి కారణం అదేనని నా అనుమానం.

మీరు ఫోన్ చేసి, "మా క్లబ్‌కి వచ్చి నాలుగు మంచి మాటలు చెప్పండి సార్" అంటారు. ఆయన టాపిక్ ఏంటని అడుగుతారు. "సేంద్రియ పద్ధతులు" అనో "మిద్దె తోటలో మెళకువలు" అనో చెప్పేస్తారు. రైతు శిక్షణ తరగతుల కోసం ఎప్పుడో తయారుచేసుకున్న స్లైడ్లు ఆయన దగ్గర ఉంటాయి. పాపం, అవే పట్టుకొస్తారు. జీవామృతంతో మొదలుపెట్టి పంచగవ్య మీదుగా వర్మి కంపోస్టు దాకా వెళ్తారు. అదంతా మీవాళ్లు వీడియోల్లో చూసేసిందే. ఇక ఫోన్లు తీయక ఏం చేస్తారు?

టాపిక్ ఇచ్చి పిలవడం మానేసి, ప్రశ్నలిచ్చి పిలవండి. సభకు మూడు వారాల ముందు వాట్సాప్ గ్రూపులో ఒక్కటే అడగండి: ఈ నెల మిమ్మల్ని ఏడిపిస్తున్న మొక్క ఏది? ఊరికే "నా గులాబీ బాగోలేదు" అంటే కుదరదు, ఫోటోలు పెట్టాలి. మొక్క మొత్తం కనిపించేలా ఒకటి. ఆకు తిరగేసి, దాని అడుగు భాగం దగ్గరగా ఒకటి. పిండినల్లి, పేనుబంక, తెల్లదోమ కాపురముండేది ఎక్కువగా అక్కడే. మూడోది కుండీ అడుగున నీళ్లు పోయే రంధ్రం. ఈ మూడో ఫోటో అడిగితే జనం నవ్వుతారు. కానీ ఆకులు పసుపెక్కాయని ఎరువు మీద ఎరువు వేస్తున్న కుండీల్లో చాలావాటికి ఆ రంధ్రం మట్టితో పూడుకుపోయి, లోపల వేరు కుళ్లుతూ ఉంటుంది. ఆ ఫోటో తీయడానికి వంగినప్పుడే కొందరికి జవాబు దొరికిపోతుంది.

అలా వచ్చినవాటిలో ఎక్కువమందికి ఉన్న బాధలు అయిదారు ఏరండి. అప్పుడు చూడండి, వీటికి జవాబు చెప్పగలిగినవాళ్లెవరని. నలుగురికి టమాటా ఆకు ముడుచుకుపోతుంటే మీకు కావాల్సింది పురుగుల సంగతి తెలిసిన మనిషి. ముగ్గురికి పిందెలు రాలుతుంటే ఇంకొకరు. అతిథి పేరు ఖాయం చేసేది ఆ తర్వాతే.

ఎవరిని పిలిచినా వారం ముందు అరపేజీ కాగితం ఒకటి పంపండి. మా కుండీలు ఇంత సైజువి, మట్టిలో కోకోపీట్ (కొబ్బరిపీచు పొడి) ఇంత, కంపోస్టు ఇంత కలుపుతాం, సగంమంది నాలుగో అంతస్తు పైన ఉంటాం, నీళ్లు మున్సిపాలిటీవో బోరువో, సముద్రానికి ఎంత దూరం. ఇదంతా ఎందుకంటే, వ్యవసాయ శాస్త్రవేత్తలు ఎకరాల్లో ఆలోచిస్తారు. వాళ్ల ఉద్యోగమే అది. "ఎకరానికి లీటరు వేపనూనె, 200 లీటర్ల నీటిలో" అని ఆయన చెప్పుకుపోతుంటే, డజను కుండీలున్న ఇల్లాలు ఏం రాసుకుంటుంది? అదే లెక్కను లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, అంటే ఒక టీ చెంచాడు అని చెబితే మర్నాడే పనికొస్తుంది. నూనె నీళ్లలో కలవదు కాబట్టి ముందు కాస్త సబ్బు ద్రవం వేసి గిలక్కొట్టాలని, ఎండ తగ్గాక పిచికారీ చేయాలని కూడా ఆయన చేతే చెప్పించండి.

సముద్రం సంగతి మరీ ముఖ్యం. లోపలి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లకు అది వెంటనే తట్టకపోవచ్చు. బీచ్ రోడ్డు వైపు ఫ్లాట్లలో ఆకుల అంచులు మాడినట్టు గోధుమరంగుకి తిరుగుతాయి. ఫోటో చూసి పొటాష్ లోపం అనేసే ప్రమాదం ఉంది. మొక్క తూర్పు పిట్టగోడ మీద ఉందని, ఉప్పుగాలి నేరుగా కొడుతుందని తెలిస్తే ఆయన చెప్పే వైద్యం వేరే ఉంటుంది: మంచినీళ్లతో ఆకులు కడగడం, కుండీని గోడ చాటుకి జరపడం.

ఇక నెలల సంగతి. సమస్య రాకముందే సభ జరగాలి. మన వైపు మామిడి పూత డిసెంబరు, జనవరుల్లో మొదలవుతుంది, తేనెమంచు పురుగు ఆ పూత మీదే పడుతుంది. దాని మీద మార్చిలో సభ పెడితే అది సంతాప సభే. నవంబరులోనే పెట్టుకోవాలి. కార్తీక మాసం ఆదివారాలు ఎలాగూ వనభోజనాలకు పోతాయి కాబట్టి, ఆ నెల హాలు మానేసి ఎవరి మామిడి తోపులోనో భోజనాలు పెట్టుకుని, అక్కడే చెట్టు కింద మాట్లాడించండి. తీగ కూరగాయల మాట మేలో, క్యాబేజీ, కాలీఫ్లవర్ నారు మాట ఆగస్టులో, ఎండకి అడ్డుగా కట్టే షేడ్ నెట్ మాట ఫిబ్రవరిలో.

సెప్టెంబరు సభ మాత్రం ప్రతి ఏడూ తుఫాను మీదే ఉండాలి. దానికి బయటివాళ్లు అక్కర్లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన నగరం మీద పడ్డ రోజు ఇక్కడున్నవాళ్లు మీ క్లబ్‌లోనే ఉంటారు. ఎవరి మేడ మీద ఏది ఎగిరింది, ఏది నిలిచింది చెప్పించండి. పిట్టగోడ మీది కుండీలు ముందే కిందికి దించాలని, డ్రమ్ముల్లో ఎత్తుగా పెరిగిన మొక్కల్ని గోడవారన పడుకోబెట్టాలని, షేడ్ నెట్ విప్పేయాలని అనుభవించినవాళ్లు చెబితే ఎక్కుతుంది. కట్టి ఉంచిన నెట్ ఆ గాలికి తెరచాప అయి, కట్టిన పైపుల్ని కూడా పీకేస్తుంది. గాలివాన వెలిశాక ఆకుల మీది ఉప్పు కడగడం కూడా మర్చిపోకూడదు.

మీ సభ సాయంత్రం కదా, దాన్ని వాడుకునే మార్గం ఒకటి చెప్తాను. పై అంతస్తుల్లో బీర పాదు పెట్టినవాళ్లందరిదీ ఒకటే ఏడుపు: పూత బోలెడు, పిందెలు మాత్రం వేలెడు కాకుండానే పసుపెక్కి రాలిపోతాయి. ఎరువు లోపమని అనుకుంటారు. చాలాసార్లు అసలు కారణం పరాగసంపర్కం జరగకపోవడమే. బీర పువ్వు సాయంత్రం పొద్దు వాలే వేళ విచ్చుకుంటుంది. అంత ఎత్తుకి ఆ వేళ పురుగూ పుట్రా వచ్చేది తక్కువ. జూన్‌లో విత్తిన పాదు ఆగస్టుకి మంచి పూతలో ఉంటుంది. ఆ నెల సభ ఏ సభ్యురాలి మేడ మీదో అయిదు గంటలకు పెట్టండి. గుత్తిగా వచ్చేవి మగపూలు. విడిగా ఒక్కటే వచ్చి, వెనక చిటికెన వేలంత బుల్లి బీరకాయ ఉన్నది ఆడపువ్వు. విచ్చుకున్న మగపువ్వు ఒకటి తుంచి, రేకులు వలిచేసి, మధ్యలో ఉన్న పుప్పొడిని ఆడపువ్వు నడిబొడ్డున మెల్లగా రాయాలి. వేలికి పసుపు పొడి అంటితే పువ్వు సిద్ధంగా ఉన్నట్టు. అందరూ తలా ఒక పువ్వుకి రాసి, కాడకి రంగు దారం కట్టి వెళ్లమనండి. వారంలో దారం కట్టిన పిందెలు ఎన్ని నిలిచాయో ఆ ఇంటావిడ గ్రూపులో ఫోటో పెడుతుంది. ఆనపకాయ పువ్వు కూడా సాయంత్రమే. కాకర, దోస, గుమ్మడి మాత్రం ఉదయం పూట, కాబట్టి వాటిని మీ సభలో చూపించలేరు, ఇంటికెళ్లి చేసుకోమనాలి. దీనికి స్లైడ్లు, ప్రొజెక్టరు ఎందుకు చెప్పండి?

వర్షం వచ్చే సూచనుంటే మేడ వద్దు, పాకుడు మెట్ల మీద పెద్దవాళ్లు జారతారు. అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌తో ముందే ఒక మాట అనుకోండి, లేకపోతే వాచ్‌మన్ లిఫ్ట్ దగ్గరే ఆపేస్తాడు.

వక్తలు ఎక్కడ దొరుకుతారని అడిగారు. దొరకరని ఎవరన్నారు? అనకాపల్లిలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ల ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. చెరకుకి పేరున్న చోటు, అయినా పురుగులు, తెగుళ్లు, నేలల సంగతి తెలిసిన శాస్త్రవేత్తలు అక్కడ ఉంటారు. 2022లో అనకాపల్లి వేరే జిల్లా అయినా దూరం పెరగలేదు కదా. నేరుగా శాస్త్రవేత్తకు ఫోన్ కొట్టే బదులు, అక్కడి అధిపతి పేరున క్లబ్ తరఫున ఉత్తరం పెట్టండి. ప్రశ్నల కాగితం జత చేయండి. ఏ విషయానికి ఎవరు సరిపోతారో వాళ్లే చూసి పంపే అవకాశం ఉంటుంది. పూలు, పండ్లు, కూరగాయలంటే ఉద్యాన శాఖ అధికారులున్నారు, కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. వెంకటరామన్నగూడెంలోని ఉద్యాన విశ్వవిద్యాలయం దూరం కాబట్టి అక్కడివాళ్లను అడిగితే వీడియో కాల్‌లో అడగండి, అదీ ముప్పావుగంటకు మించకుండా.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తు మీ పక్కనే ఉంది, దాని వృక్షశాస్త్ర విభాగాన్ని మన తోట క్లబ్బులు ఎందుకు తలుచుకోవో నాకు అర్థం కాదు. వాళ్లను కుండీల గురించి కాకుండా మన కొండల చెట్ల గురించి అడగండి. ఒక ఆదివారం కంబాలకొండ అడవి వైపు నడిపించి, ఏ చెట్టు ఈ ఎర్రమట్టిలో, ఈ ఎండలో నీళ్లు పోయకుండా బతుకుతుందో చూపించమనండి. ఇంటి ముందు వీధిలో ఏ మొక్క నాటాలన్న దానికి అంతకన్నా మంచి పాఠం ఏముంటుంది?

వీళ్లందరికన్నా నేను ఎక్కువ ఓటు వేసే వక్త మాత్రం మీ కాలనీ రైతుబజారులోనే ఉన్నారు. ఆకుకూరలు తెచ్చే రైతు. కానీ ఆయన్ని వేదిక ఎక్కించి మైకు చేతికిస్తే రెండు ముక్కలు చెప్పి దండం పెట్టేస్తారు. కుర్చీలు గుండ్రంగా వేసి, మధ్యలో కూర్చోబెట్టి అడగండి. తోటకూర విత్తనం ఎంత లోతున పడాలి, ఇసుక ఎందుకు కలుపుతారు, పాలకూర మన ఎండలకి ఎప్పుడు మానేస్తారు, కోసిన కొత్తిమీర మధ్యాహ్నం దాకా వాడిపోకుండా ఏం చేస్తారు. తెల్లవారుజామునే లేచే మనిషి కాబట్టి ఆరున్నరకల్లా పంపించేయండి. అలాగే మన నర్సరీలకు చాలా మొక్కలు కడియం వైపు నుంచి వస్తాయి. మీకు తెలిసిన నర్సరీ ఓనర్ని అడిగితే అంటు కట్టే పనివాళ్ల జాడ చెబుతారు. వానాకాలంలో అలాంటి మనిషి ఒకరు వచ్చి, కత్తి ఎలా పట్టాలి, కొమ్మ ఎంత ఏటవాలుగా కోయాలి, పాలిథిన్ పట్టీ ఎంత బిగువుగా చుట్టాలి అని చేసి చూపిస్తే మీ హాల్లో ఫోన్లు ఫోటోల కోసమే బయటికి వస్తాయి.

డబ్బు ఇవ్వాలా అంటే, ఇవ్వాలి. మొహమాటం వద్దు. ప్రభుత్వ ఉద్యోగులు పారితోషికం తీసుకోవడానికి వాళ్ల నియమాలు వాళ్లకుంటాయి, కాబట్టి ముందే అడగండి. రానుపోను కారు ఏర్పాటు మాత్రం మీదే. రైతుకి, అంటు కట్టే ఆయనకి ఆ రోజు కూలీ, ప్రయాణం, పైన ఇంకొంత కవర్లో పెట్టి, సభ మొదలవకముందే ఇచ్చేయండి. ఆఫీసరుకి శాలువా కప్పి, రైతుకి "థాంక్స్ అండీ" చెప్పి పంపే అలవాటు నాకైతే నచ్చదు.

శాలువా అంటే గుర్తొచ్చింది. మన సభల్లో జ్యోతి ప్రజ్వలన, వేదిక మీదికి పెద్దల ఆహ్వానం, అతిథి పరిచయం, సన్మానం, జ్ఞాపిక, గ్రూపు ఫోటో, వందన సమర్పణ... వీటికే గంట. పైగా తోటల క్లబ్ వాళ్లే ప్లాస్టిక్ కాగితం చుట్టిన బొకే చేతికిస్తారు! పరిచయం రెండు వాక్యాల్లో ముగించండి. బొకేకి బదులు మీ సభ్యులు దాచుకున్న నాటు విత్తనాలో, చిన్న కుండీలో కరివేపాకు మొక్కో ఇవ్వండి. అతిథికి నలభై నిమిషాలు. ఆ మాట ఫోన్లోనే చెప్పాలి, వేదిక మీద చీటీ పంపడం మర్యాద కాదు.

సీసాల ఆయన గురించి. అమ్ముకోవడం తప్పు కాదు, మైకులో అమ్మడం తప్పు. పిలిచేటప్పుడే చెప్పండి: మాట్లాడేటప్పుడు బ్రాండ్ పేరు రాకూడదు, సభ అయ్యాక బయట టేబుల్ వేసుకోవచ్చు. ఇంకో షరతు, లేబుల్ లేని సీసా ఆ టేబుల్ ఎక్కకూడదు. మన దేశంలో పురుగుమందు అమ్మాలంటే 1968 నాటి క్రిమిసంహారకాల చట్టం ప్రకారం రిజిస్ట్రేషన్ ఉండాలి. "ఆర్గానిక్, ఏమీ కాదు" అన్న మాట దానికి బదులు కాదు. డబ్బా మీద విషతీవ్రత చెప్పే రంగు గుర్తు ఉంటుంది: ఎరుపు అన్నిటికన్నా ప్రమాదం, తర్వాత పసుపు, నీలం, ఆకుపచ్చ అన్నిటికన్నా తక్కువ. తక్కువంటే అసలు లేదని కాదు. కొట్టాక ఎన్నాళ్లకు కాయ కోయాలో కూడా అడిగి రాసుకోవాలి. మేడ మీద పిల్లలాడే చోట, రేపు పప్పులో వేసే ఆకు మీద కొట్టేది కదా. ఈ గుర్తులు చదవడం మీదే ఒక సభ పెట్టినా పెట్టొచ్చు.

పెద్దాయన విషయంలో మైకు లాక్కునే ఆలోచన చేయకండి, మనసు కష్టపెట్టుకుని క్లబ్ మానేస్తారు. ఆయనకు చేతినిండా పని ఇవ్వండి. "బాబాయి గారూ, ఈ నెల నుంచి సభ నడిపేది మీరే, టైము దాటితే అతిథినైనా ఆపేది మీరే" అనండి. ప్రశ్నల చీటీలు ఆయన చేతిలో పెట్టండి. చదివేది ఆయన, జవాబు చెప్పేది అతిథి. జీవితమంతా ఫైళ్లు నడిపిన మనిషి, గడియారం దగ్గర మీకన్నా కఠినంగా ఉంటారు చూడండి. మాట్లాడాలన్న సరదా ఉంది కాబట్టి ఏడాదికో సభ పూర్తిగా ఆయనకే ఇచ్చేయండి. నిజం చెప్పొద్దూ, అలాంటివాళ్ల దగ్గర పనికొచ్చే సంగతులు చాలా ఉంటాయి, వేళ కాని వేళ చెప్పడమే ఇబ్బంది.

జబ్బు మొక్కల్ని సభకి తెమ్మంటే కుండీలతో సహా తెస్తారు, వద్దనండి. ఒక కొమ్మ కోసి, పాలిథిన్ కవర్లో పెట్టి మూతి గట్టిగా కట్టి తేవాలి. మందారం కొమ్మ చేతులు మారితే దాని మీది పిండినల్లి కూడా మారుతుంది. పక్కనే మొక్కల మార్పిడి టేబుల్ ఉందంటే నెల తిరిగేసరికి ఊరంతా పంచినట్టే. కవర్లు విప్పకుండానే చూపించి, సభ అయ్యాక అన్నీ ఒకే సంచిలో వేసి పారేయండి.

జనం తిరిగి రావాలంటే పోయిన నెల మాట ఈ నెల తేలాలి. సభ మొదట్లో పది నిమిషాలు దానికే పెట్టండి. వేపనూనె కొట్టినవాళ్లెవరు, దారం కట్టిన బీర పిందెలు ఎన్ని నిలిచాయి, ఎవరికి పని చేయలేదు. పని చేయని సంగతి కూడా అతిథికి ఫోన్ చేసి చెప్పండి. ఇంకోసారి పిలిస్తే వెంటనే ఒప్పుకుంటారు.

ఇక టీ. ముందిస్తే ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం సభ ఆగుతుంది, చివర్లో ఇస్తే సగంమంది ప్రశ్నలు మానేసి కెటిల్ వైపు చూస్తారు. ప్రసంగానికి, ప్రశ్నలకి మధ్యలో ఇవ్వండి. నలుగురిలో అడగడానికి సిగ్గుపడేవాళ్లు కప్పు చేతిలో ఉండగా అతిథి దగ్గరికి వెళ్లి మెల్లగా అడిగేస్తారు. అప్పుడు పక్కన ఒకరు చీటీల కట్టతో నిలబడి ఆ ప్రశ్నలు రాసి బాబాయి గారికి చేర్చాలి. తినడానికి ఏం పెట్టినా సరే గానీ పొట్లాల్లో మురీ మిక్చర్ మాత్రం వద్దు, ఆ కరకరలకి, కాగితం చప్పుడికి వెనక వరసలో ఏమీ వినపడదు.